వేడి చూసే చెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరి బండైనా కాగిపోతుంటే రెండు పనులు చేసేవారు. ముందు బానెట్ ఎత్తి, దాన్ని అమ్మినవాణ్ణి నాలుగు తిట్లు తిట్టేవారు. తర్వాత హనుమయ్య షెడ్డుకి తోలుకొచ్చేవారు. హనుమయ్య గేరుబాక్సు జోలికి పోడు, బ్రేకుల సంగతి అడిగితే "పక్క షెడ్డులో కనుక్కోండి" అంటాడు. ఇంజను వేడి ఒక్కటే ఆయన పని. నలభై నాలుగేళ్లుగా అదే పని. మనిషికి అరవై ఆరు నిండాయి. ఖాకీ చొక్కా, బక్కపలచని ఒళ్లు, నోరు కాస్త దురుసు. ఆ నోటి వెనక మనసు మెత్తనిదని తెలియడానికి కాస్త కాలం పడుతుంది, అంతే.

మీటరు ముల్లుని ఆయన నమ్మేవాడు కాడు. రేడియేటర్ మీదో గొట్టం మీదో అరచెయ్యి ఆనించి, లోలోపల లెక్కపెట్టేవాడు. తాకగానే చెయ్యి వెనక్కొస్తే ఒక వేడి. మూడు దాకా ఓర్చుకోగలిగితే ఇంకో వేడి. ఐదు దాటిందా, ఇంజనుకి రోగం లేదు, డ్రైవరుకే ఉందన్నమాట. ఈ విద్య ఆయనకి ఎవరూ నేర్పలేదు. హనుమాన్ జంక్షన్ అవతల వాళ్ల నాన్నకి మూడెకరాల మాగాణి, కాలువ గట్టున ఒక ఆయిలింజను ఉండేవి. నీళ్లందని ఏడు ఆ ఇంజను రేయింబవళ్లు ఆడాల్సిందే. చదువబ్బని హనుమయ్యని దానికి కాపలా కూర్చోబెట్టారు. వేడెక్కితే ఆపాలి, చల్లారితే తిప్పాలి. మీటరూ లేదు, గీటరూ లేదు. ఉన్నదల్లా చెయ్యే.

ఎదురు షెడ్డు దుర్గాప్రసాద్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. పాత కార్లని కొత్తవాటిలా తయారుచేయడంలో మంచి పేరు తెచ్చుకున్నాడు. నాలుగేళ్ల క్రితం వాడు వేడి చూసే గన్ను ఒకటి కొన్నాడు. దూరం నుంచి గురిపెట్టి నొక్కితే అంకె చూపిస్తుంది. మొదటిరోజే తళతళలాడే కొత్త ఇత్తడి రేడియేటర్ మీద గురిపెడితే నలభై చూపించింది. హనుమయ్య చెయ్యి ఆనించీ ఆనించకముందే తీసేసి, "మూత ముట్టుకోకు, ఉడుకుతోంది" అన్నాడు. వాడు వినలేదు. గుడ్డేసి మూత తిప్పగానే ఆవిరి షెడ్డు కప్పుకి కొట్టింది. మెరిసే లోహం దగ్గర ఆ గన్ను తప్పు చెబుతుందట, ఆ సంగతి తర్వాత తెలిసింది.

"కరోనాలో నుదుటి మీద పెట్టేవాళ్లు చూశావూ, ఇదీ దాని జాతేరా. నుదురు లేనివాటికి పనికిరాదు," అన్నాడు హనుమయ్య. వీధి వీధంతా నవ్వింది. దుర్గాప్రసాద్ కూడా నవ్వాడు, మంచివాడు గనక. ఆ రోజు నుంచి గన్ను మాట ఎత్తితే చాలు, హనుమయ్య ఆ కథ మొదలుపెట్టేవాడు. ఎవరు విన్నా వినకపోయినా మొత్తం చెప్పేదాకా వదిలేవాడు కాదు.

అలాంటి చెయ్యి పోయింది.

పోవడమంటే కాలో చెయ్యో విరిగినట్టు నలుగురికీ కనబడేలా కాదు. కిందటేడు చవితి పండగ ముందు ఒక టిప్పరు లారీ వచ్చింది. హనుమయ్య చెయ్యి ఆనించి ఏడు దాకా లెక్కపెట్టి, "దీనికేం లేదు, పో" అన్నాడు. ఆ లారీ కంకిపాడు దాటకుండానే నీళ్లు కక్కేసింది. సాయంత్రం ఇంటికెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుంటే, అరచేతి నిండా బొబ్బ. కాలుతున్నట్టు ఆయనకి తెలియనే లేదు.

ఎవరికీ చెప్పకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నాలుగు దశాబ్దాలు బానెట్ల మీదికి వంగి వంగి మెడలో నరం దెబ్బతిందని ఆ డాక్టరు చెప్పాడు. చేతుల్లో పట్టు ఉంటుంది, బరువు తెలుస్తుంది, వేడీ చల్లనా మాత్రం తెలియవు. ఇంకా పాడవకుండా మందులివ్వగలను గాని, పోయినది తిరిగొస్తుందని మాటివ్వలేనన్నాడు.

తిండికి లోటేమీ లేదు. కానూరులో సొంతిల్లు, పైన రెండు వాటాల అద్దెలు వస్తాయి. షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్నా గడిచిపోతుంది. కాని ఆటోనగర్‌లో హనుమయ్య అంటే చెయ్యి. "హనుమయ్య చెయ్యి పడాలి" అనేవారేగాని, "హనుమయ్య బుర్ర పెట్టాలి" అని ఎవరూ అనలేదు. ఆ చెయ్యి లేదని తెలిస్తే తను ఎవరు? మూలన కూర్చుని పాత గొప్పలు చెప్పుకునే ముసలాడు. ఆ భయం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. అబద్ధమెందుకు, అప్పటినుంచీ తొమ్మిది నెలలపాటు వీధి మొత్తాన్నీ మోసం చేశాడు. గొట్టం మీద చెయ్యి ఆనించి, గంభీరంగా మొహం పెట్టి తల పంకించేవాడు. డ్రైవరు చెప్పే మాటలు, ఇంజను చప్పుడు, వాసన, ఇవన్నీ కలిపి ఊహించేవాడు. పదింటిలో తొమ్మిది బళ్లకి రేడియేటర్ పూడుకుపోవడమే రోగం కాబట్టి బండి నడిచిపోయింది.

జ్యేష్ఠంలో ఆ కారు వచ్చాక ఊహలన్నీ చెల్లకుండా పోయాయి.

మీగడ రంగు కారు. రెండే సీట్లు, కప్పు లేదు, బానెట్ మాత్రం చేంతాడంత పొడుగు. అరవై ఏళ్ల కిందటి ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. గవర్నర్‌పేటలో కళ్ల ఆసుపత్రి నడిపే డాక్టర్ మనోజ్ఞది. వాళ్ల తాతగారు మద్రాసులో కొని, పోయేదాకా నడిపారట. తర్వాత మైలవరంలో తోట షెడ్డులో మామిడికాయల గోతాల కింద నలభై ఏళ్లు పడి ఉంది. దుర్గాప్రసాద్ ఎనిమిది నెలలు కష్టపడి దానికి ప్రాణం పోశాడు. ఊళ్లో తిరిగితే గుర్రంలా ఉంటుంది. హైవే ఎక్కి గన్నవరం చేరేలోపు మీటరు ముల్లు ఎర్రగీత మీద కూర్చుంటుంది.

"రేడియేటర్ కొత్తది, పంపు కొత్తది, ఫ్యాను కొత్తది, హెడ్ గాస్కెట్ రెండుసార్లు మార్చా. గన్నుతో చూసి చూసి కళ్లు పోయాయి గురువుగారూ. మీ చెయ్యి పడాలి," అన్నాడు దుర్గాప్రసాద్. అంత మాట వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

"నాకు ర్యాలీలూ ప్రదర్శనలూ ఏమీ అక్కర్లేదండి. తాతగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మైలవరం తీసుకెళ్లేవారు. ఒక్కసారి దారిలో ఎక్కడా ఆగకుండా అక్కడికి నడుపుకుంటూ వెళ్లాలి. అంతే నా కోరిక," అంది మనోజ్ఞ.

వీధిలో ఆరుగురు మూగి చూస్తున్నారు. హనుమయ్య గొట్టం మీద చెయ్యి వేశాడు. గోడ మీద వేసినట్టే ఉంది. లెక్కపెట్టినట్టు పెదాలు కదిపి, "శనివారం పొద్దున్న రండి డాక్టర్‌గారూ" అన్నాడు.

గురువారం అంతా దాన్ని విప్పీ బిగించీ చూశాడు. దుర్గాప్రసాద్ పని వేలెత్తి చూపించేలా లేదు. అన్నీ బాగున్న చోట ఊహ పనిచేయదు. వేడి ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలియాలి. అది చెప్పాల్సిన చెయ్యి మొద్దుబారిపోయింది. శుక్రవారం ఒంటిగంటకి ఆయన భార్య బుల్లెమ్మ రోజూలాగే ఆటో దిగి, క్యారియర్ పట్టుకుని వచ్చేసరికి, ఆయన చేతులు చూసుకుంటూ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"బుల్లెమ్మా, ఈ కారెక్కుతావా? అలా వెళ్లొద్దాం," అన్నాడు.

నలభై రెండేళ్ల కాపురంలో ఆవిడ షెడ్డు గడప దాటి ఏ బండీ ముట్టుకోలేదు. ఆయన మొహం ఒక్క క్షణం చూసింది. ఎందుకని అడగలేదు. కొంగు నడుముకి దోపుకుని, క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, నేలబారుగా ఉన్న ఆ సీట్లో తంటాలు పడి కూర్చుంది.

"ఏం హనుమయ్యగారూ, ఈ వయసులో షికార్లా?" అన్నాడు టైర్లాయన.

"వయసులో తీసుకెళ్లలేదని రోజూ సాధిస్తోందయ్యా. ఆ బాకీ తీరుస్తున్నా," అన్నాడు హనుమయ్య.

కేసరపల్లి దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఎర్రగీతకి చేరువైంది. సర్వీసు రోడ్డులో వేపచెట్టు కింద కారు ఆపి, బానెట్ ఎత్తి నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. లారీలు హోరుమని పోతున్నాయి.

"బుల్లెమ్మా, నాకు చేతులకి..."

"వేడి తెలియడం లేదు. తెలుసు," అంది ఆవిడ.

హనుమయ్య బానెట్ అంచు వదిలి ఆవిడ వైపు తిరిగాడు.

"చవితి వెళ్లిన మర్నాడు కాఫీ గ్లాసు అంచు పట్టుకోకుండా, గుప్పిట నిండా పట్టుకున్నారు. పొయ్యి మీంచి అప్పుడే దింపిన కాఫీ అది. దానికి ముందేగా బొబ్బ. వెల్డింగు టార్చి తగిలిందన్నారు. టార్చి తగిలితే అరచెయ్యంతా సమంగా కాలుతుందా? అప్పటినుంచీ నేనే చల్లార్చి ఇస్తున్నా. కాఫీ ఈమధ్య చప్పగా ఉంటోందని మీరు రెండుసార్లు విసుక్కున్నారు కూడా."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశా. తొమ్మిది నెలలు చూశా." ఆవిడ ఒళ్లోని క్యారియర్ సీటు మీద పెట్టి కారు దిగింది. "నా దగ్గర కూడా దాచారు చూడండి, అందుకొచ్చింది ఏడుపు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. చేతికి నూనె మరకలుండటంతో మొహం నల్లగా అయింది. ఆవిడ కొంగుతో ఆ మరక తుడిచి, "సరే, ఇప్పుడేం ముట్టుకోవాలో చెప్పండి. ఇంజను చల్లారిపోతుంది," అంది.

నీళ్లు ఇంజనులోంచి రేడియేటర్‌కి వెళ్లే పై గొట్టం చూపించాడు. ఆవిడ ముట్టుకుని చెయ్యి లాక్కుంది. చల్లారిన నీళ్లు ఇంజనుకి తిరిగొచ్చే కింది గొట్టం చూపించాడు. ఆవిడ దాన్ని పట్టుకుని కాసేపు అలాగే ఉంచింది. "ఇది పసిబిడ్డకి పోసే నీళ్లలా ఉంది. గోరువెచ్చగా."

హనుమయ్య కళ్లు చికిలించాడు. అంటే రేడియేటర్ శుభ్రంగా చల్లారుస్తోంది. మరి ఇంజను ఎందుకు కాగుతోంది? ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే, బుల్లెమ్మ వెనకవైపు వంగి చెప్పనిదాన్ని కూడా ముట్టుకుంది. బొటనవేలంత లావున్న ఒక వంకర గొట్టం.

"ఇదేంటండీ, ఈ బుల్లిది పెద్దదాంతో సమానంగా కాలుతోంది. నీళ్లు చల్లితే పెనంలా చుయ్యిమనేలా ఉంది."

"చిన్నదా? సరిగా చూడు."

"నలభై ఏళ్లు పెనం మీద అట్లు పోసినదాన్ని. నన్ను సరిగా చూడమంటారా?"

ఆ చిన్న గొట్టం పని ఆయనకి తెలుసు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్ దాకా పోకుండా, ఇంజనులోనే చుట్టూ తిరిగి త్వరగా వేడెక్కడానికి పెట్టిన అడ్డదారి అది. ఇంజను వేడెక్కాక అందులో పారకూడదు. పారుతోందంటే కాగిన నీళ్లు కొన్ని చల్లారకుండానే మళ్లీ ఇంజనులోకి వస్తున్నాయి. బుల్లెమ్మకి అదే చెప్పాడు.

"అంటే పెళ్లిలో ఎంగిలి గిన్నెలు సగం తోమకుండానే మళ్లీ వడ్డనకొస్తున్నాయన్నమాట," అంది ఆవిడ.

అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. వేపచెట్టు కింద ఇద్దరూ క్యారియర్ విప్పుకుని దోసకాయ పప్పూ అన్నం తిన్నారు. ఇంజను చల్లారాక ఆ చిన్న గొట్టాన్ని పట్టకారుతో గట్టిగా నొక్కి బిగించి, హైవే ఎక్కాడు. గన్నవరం దాటింది, ముల్లు సగంలో ఉంది. హనుమాన్ జంక్షన్ దాకా పోయినా సగంలోనే ఉంది. గాలికి బుల్లెమ్మ జుట్టు ముడి ఊడిపోయింది. ఆవిడ దాన్ని మళ్లీ వేసుకోలేదు.

సాయంత్రం షెడ్డులో, గురువారం విప్పకుండా వదిలేసిన మూత ఒక్కటే, నీళ్లు పైకి పోయే చోట ఉండే చిన్నది, విప్పి చూశాడు. లోపల వాల్వు ఉండాలి. వేడెక్కగానే అది తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదులుతుంది. ఈ కారులో దానికి అంచున ఒక కండువాలాంటి రేకు కూడా ఉంటుంది, వాల్వు లేచినప్పుడు ఆ రేకు అడ్డదారిని మూసేస్తుంది. మూత కింద వాల్వు లేదు. ఖాళీ.

దాన్ని ఎవరు తీశారో, ఎందుకు తీశారో హనుమయ్యకి వెంటనే అర్థమైంది. ఆటోనగర్‌లో ఏ ఇంజను విప్పినా మొదట పారేసేది ఆ వాల్వునే. మంచు కురిసే దేశాలకి గాని మన బెజవాడ ఎండలకి అదెందుకయ్యా, పీకి పారెయ్, నీళ్లు ధారాళంగా పారతాయి. ఈ సూత్రం కనిపెట్టి ఇరవై మందికి నేర్పింది మరెవరో కాదు, ఆయనే. లారీలకీ అంబాసిడర్లకీ అది చెల్లింది. దీనికి చెల్లలేదు. దుర్గాప్రసాద్ ఆయన దగ్గర చేరిన రోజున నేర్చుకున్న మొదటి పాఠం కూడా అదే.

శనివారం పొద్దున్నే మనోజ్ఞ వచ్చింది. దుర్గాప్రసాద్ వచ్చాడు. టైర్లాయనతో సహా వీధిలో సగం మంది వచ్చారు. బుల్లెమ్మని కూడా రమ్మన్నాడు హనుమయ్య. ఆవిడ గోడవారగా నిలబడింది. ఆయన మూత తీసి, ఖాళీ చోటు చూపించి, చిన్న గొట్టం కథ చెప్పాడు.

దుర్గాప్రసాద్ మొహం పాలిపోయింది. "వాల్వు తీసింది నేనేనండి. తప్పు నాదే డాక్టర్‌గారూ," అన్నాడు. ఎవరు నేర్పారో అనలేదు. హనుమయ్య వైపు చూడను కూడా లేదు.

"పోనీలెండి, దొరికింది కదా," అని మనోజ్ఞ హనుమయ్య వైపు తిరిగింది. "మీ చెయ్యి గురించి విన్నదంతా నిజమేనండి."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పేరు నిలిచేది. ఇంకో పదేళ్లు ఈ కారు కథ చెప్పుకుని బతకొచ్చు. గన్ను కథకన్నా బాగుంటుంది కూడా. హనుమయ్య మూతని బల్ల మీద పెట్టాడు. తలొంచుకున్న దుర్గాప్రసాద్‌ని చూశాడు. గురువు పరువు కాపాడటానికి తన పరువు పోగొట్టుకుంటున్నవాణ్ణి చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"వాల్వు పారెయ్యమని వాడికి నేర్పింది నేనండి. తప్పు నాది," అన్నాడు. "ఇంకోటి. చెయ్యి కూడా నాది కాదు. నా చేతులకి వేడి తెలియడం మానేసి తొమ్మిది నెలలైంది. మీ అందరి దగ్గరా తెలిసినట్టు నటించాను. నిన్న ఈ కారు రోగం పట్టుకుంది మా ఆవిడ."

బుల్లెమ్మ తల వంచుకుంది. పొగిడినందుకు కాదు, ఆయన ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో ఆవిడకొక్కదానికే తెలుసు గనక. దుర్గాప్రసాద్ వచ్చి హనుమయ్య కుడిచెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు పని నేర్పిన చెయ్యి అది. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కోయంబత్తూరు నుంచి వాల్వు తెప్పించి బిగించడానికి ఎనిమిది రోజులు పట్టింది. మరుసటి ఆదివారం మనోజ్ఞ మైలవరం చేరి అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఎక్కడా ఆగలేదట. ముందు బుల్లెమ్మకి ఇమ్మంది ఫోను. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, బుల్లెమ్మ చాలాసేపు నవ్వింది.

ఆ కారు వెళ్లేదాకా హనుమయ్య వేరే బండి ముట్టుకోలేదు; ఇప్పుడు సోమవారం అంటే భయంగా ఉంది. ఇక ఎవరు వస్తారు? అయినా అలవాటు చొప్పున తొమ్మిదింటికి షెడ్డు తెరిచాడు. పది దాకా ఎవరూ రాలేదు. పదకొండు దాకా రాలేదు. పదకొండున్నరకి ఏలూరు వైపు నుంచి వచ్చిన చేపల లారీ ఒకటి పొగలు కక్కుకుంటూ గుమ్మంలో ఆగింది. డ్రైవరు దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి తొంగిచూశాడు.

"అమ్మగారు లేరాండీ?"

హనుమయ్యకి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టైంది. గుచ్చుకోలేదంటే అబద్ధం. నలభై నాలుగేళ్లుగా ఈ గుమ్మంలో నిలబడినవాళ్లంతా అడిగింది ఆయన్నే. ఆ ముల్లు ఉన్నచోటే, ఒక నిమిషం తర్వాత, ఏదో తేలికపడింది కూడా. ఆయన లేచి లోపల్నుంచి ఉన్న ఒక్క మంచి కుర్చీ తెచ్చి, దుమ్ము దులిపి, ఫ్యాను కింద వేశాడు. డ్రైవరు అది తనకే అనుకుని కూర్చోబోయాడు.

"అది నీకు కాదు, స్టూలు మీద కూర్చో," అన్నాడు హనుమయ్య. "మా ఆవిడ ఒంటిగంటకి వస్తుంది."